గుంటూరు మిద్దె మీద వార్మ్‌వుడ్: విత్తనం నుంచి మొక్క దాకా నా అనుభవం

చలిదేశాల మొక్కగా పేరుపడిన వార్మ్‌వుడ్‌ను గుంటూరులో పెంచుతున్నానని చెప్పినప్పుడు అడిగినవారందరూ ముందుగా ఎండ సంగతే అడిగారు. బ్రాడీపేటలోని మా మిద్దె మీద దానిని విత్తి, నారు తీసి, కుండీల్లోకి మార్చి, ఒక ఎండాకాలాన్నీ ఒక వానాకాలాన్నీ దాటించిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. మన ప్రాంతంలో ఈ మొక్కను చంపేది ఎండ కాదు, తడి. విత్తే రోజు మొదలుకొని మొక్క ముదిరేవరకూ తీసుకోవలసిన జాగ్రత్తలు దాదాపు అన్నీ తడిని అదుపులో ఉంచడానికి సంబంధించినవే.

ఈ మొక్క మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం వినాయక చవితి పత్రి. చవితి పూజలో ఇరవై ఒక్క పత్రాలలో మొదటగా చదివేది మాచీపత్రమే అయినా, బజారులో కొనే పత్రి కట్టలో అసలైన మాచిపత్రి కనిపించడం అరుదు. దాని గురించి చదువుతూ పోగా, మాచిపత్రి, పూలమాలల్లో కలిపి కట్టే దవనం, యునానీ వైద్యంలో అఫ్సంతీన్ అనే పేరుతో వాడే వార్మ్‌వుడ్, ఈ మూడూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతికి చెందినవని, మూడూ చేమంతి కుటుంబంలోనివేనని తెలిసింది. దవనం మనకు తెలిసిన మొక్కే. మాచిపత్రి కొమ్మను తెలిసినవారి పెరట్లోంచి తెచ్చి నాటుకోవచ్చు. వార్మ్‌వుడ్ మాత్రం మన వైపు నర్సరీల్లో నాకు ఎక్కడా కనిపించలేదు కనుక, విత్తనం నుంచి పెంచడం తప్ప వేరే దారి లేకపోయింది.

లిన్నేయస్ 1753లో ఆర్టెమీసియా అబ్సింథియం అని పేరు పెట్టిన ఈ మొక్క యూరప్, ఉత్తర ఆఫ్రికా, సమశీతోష్ణ ఆసియా ప్రాంతాలలో సహజంగా పెరుగుతుంది. మన దేశంలో కశ్మీరు కొండల్లో కనిపిస్తుంది. ఇది ఏళ్ల తరబడి బతికే బహువార్షికం, తనకు సరిపడే చోట మూడడుగుల ఎత్తు దాకా పెరుగుతుంది. ఆకు నిండా ఉండే సన్నని పట్టు నూగు వల్ల మొక్క మొత్తం వెండి రంగులో కనిపిస్తుంది. ఆకులోని అబ్సింథిన్ అనే పదార్థం ప్రకృతిలో దొరికే అతి చేదైన పదార్థాలలో ఒకటి. 70,000 పాళ్ల నీటిలో ఒక పాలు కలిపినా నాలుక దానిని గుర్తుపడుతుందంటారు. ఆకు తుంచిన చేత్తో పొరపాటున పెదవి తుడుచుకున్నవారికి ఆ మాట నిజమేననిపిస్తుంది.

మొక్క పెంచే ముందే స్పష్టంగా తెలుసుకోవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మలేరియా మందు ఆర్టెమిసినిన్ వచ్చేది దీని నుంచి కాదు. ఆ మందును కనుగొన్నందుకు చైనా శాస్త్రవేత్త తు యూయూ 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అది ఆర్టెమీసియా ఆన్యువా అనే వేరే జాతి మొక్కలోనిది కాబట్టి, ఆ వార్త గుర్తుపెట్టుకుని వార్మ్‌వుడ్ ఆకుతో జ్వరానికి కషాయం కాచుకోవడం సరికాదు. రెండవది, వార్మ్‌వుడ్ నూనెలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది. అది మోతాదు మించితే నాడీ మండలం మీద పనిచేసి మూర్ఛలు తెప్పించగలదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు దీనికి పూర్తిగా దూరంగా ఉండాలి. నేను దీనిని పెంచినది ఆకు అందం కోసం, వాసన కోసం. లోపలికి తీసుకునే ఏ వాడకమూ ఈ వ్యాసంలో చెప్పడం లేదు.

విత్తే కాలాన్ని నిర్ణయించుకోవడానికి నేను చాలా ఆలోచించవలసి వచ్చింది. ఈ విత్తనం 18 నుంచి 22 డిగ్రీల మధ్య బాగా మొలుస్తుంది. గుంటూరులో పగలూ రాత్రీ కలిపి ఆ స్థాయికి దగ్గరగా ఉండేది మార్గశిర, పుష్య మాసాలలోనే. దసరా నాటికి మన దగ్గర ఇంకా ఉక్క తగ్గదు, పైగా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు వరుసగా వచ్చే కాలం అది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేవరకూ ఆగి, ఆకాశం తేటపడి రాత్రి చలి మొదలైన తరువాతనే నేను విత్తాను. దవనాన్ని సాగుచేసే రైతులు కూడా చలికాలం పంటగానే వేస్తారు కాబట్టి, పోల్చి చూసుకోవడానికి పక్కనే మరొక ట్రేలో దవనం విత్తనాలూ చల్లాను.

ఊళ్లో విత్తనాల దుకాణాలకు కొదవ లేదు గానీ, అవి మిరపకూ పత్తికీ కూరగాయలకూ పేరుపడినవి. వార్మ్‌వుడ్ విత్తనాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి వచ్చింది. పొట్లం విప్పితే చేతికి అంటుకునేది విభూతి పొడిలా ఉంటుంది. గ్రాముకు దాదాపు 10,000 గింజలు తూగుతాయి. అంత చిన్న విత్తనాన్ని నేరుగా చల్లితే సగం ఒకేచోట కుప్పగా పడుతుంది, మిగతా సగం గాలికి పోతుంది. అందుకని జల్లించిన సన్నని ఇసుకను కడిగి, చెమ్మ మాత్రమే మిగిలేలా ఆరబెట్టి, విత్తనాలను అందులో కలిపి, మూత ఉన్న చిన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో కూరగాయలుంచే అరలో రెండు వారాలకు పైగా ఉంచాను. చలిదేశాల విత్తనాలు కొన్ని ఒక శీతాకాలం గడిచిందన్న సంకేతం అందితేనే నిద్ర లేస్తాయి. ఈ మొక్కకు అది తప్పనిసరి కాదంటారు. పరీక్ష కోసం చలి చూపించకుండా విత్తిన కొన్ని గింజలు నా దగ్గర కూడా మొలిచాయి. అయితే చలి చూపించినవి దాదాపు ఒకేసారి లేచాయి, చూపించనివి విడతలు విడతలుగా వచ్చాయి. నారు పెంచేవారికి ఒకేసారి రావడం పెద్ద సౌకర్యం, కనుక నేను మళ్లీ విత్తినా ఫ్రిజ్‌లో పెట్టే విత్తుతాను.

మట్టి మిశ్రమం విషయంలో మన అలవాట్లను కొంత పక్కన పెట్టాలి. మా చుట్టుపక్కల దొరికేది నల్లరేగడి. అది నీటిని పీల్చుకుని ఉబ్బి, రోజుల తరబడి తడిని వేళ్ల చుట్టూ పట్టి ఉంచుతుంది. పత్తికి మేలు చేసే ఆ గుణమే ఈ మొక్కకు ప్రాణాంతకం. నారు ట్రే కోసం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, కృష్ణ ఇసుక ఒక పాలు తీసుకుని, గుప్పెడు వర్మీకంపోస్టు మాత్రమే కలిపాను. కలిపిన తరువాత మరిగే నీళ్లు పోసి చల్లార్చాను. వర్మీకంపోస్టులో పులిచింత లాంటి కలుపు గింజలు ఉంటాయి. అవి ముందే మొలిస్తే, ఆవగింజలో సగం కూడా లేని వార్మ్‌వుడ్ మొలకలను వాటి మధ్య గుర్తుపట్టడం అసాధ్యం.

విత్తడంలో ముఖ్యమైన నియమం ఒక్కటే: గింజను మట్టితో కప్పకూడదు. మనం మెంతులు చల్లినా, బెండ గింజలు గుచ్చినా పైన కాస్త మట్టి కప్పడం చేతికి అలవాటైపోయింది. ఈ విత్తనానికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి. ఇంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం చాలా తక్కువ. మట్టి లోతుల్లో మొలిస్తే పైకి చేరేలోగా ఆ ఆహారం అయిపోయి మొలక చచ్చిపోతుంది. అందుకే వెలుతురు తగిలిందని లోపలి ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం గుర్తించేవరకూ గింజ కదలదు. ట్రేలోని మిశ్రమాన్ని ముందే తడిపి చదును చేసి, ఇసుక కలిసిన విత్తనాన్ని ఉప్పు చల్లినంత పలుచగా చల్లి, చదునైన చెక్కముక్కతో మెల్లగా అదిమాను. గింజ తడి మట్టిని అంటుకుని ఉండాలి, కానీ దానికి ఆకాశం కనబడాలి.

నీళ్లు పెట్టడం కూడా మామూలు పద్ధతిలో కుదరదు. పై నుంచి ఎంత సన్నని తుంపర పోసినా గింజలు కొట్టుకుపోయి ట్రే అంచుల్లో పేరుకుంటాయి. వెడల్పాటి బేసినులో అంగుళం ఎత్తు నీళ్లు పోసి, అడుగున రంధ్రాలున్న ట్రేను అందులో ఉంచితే, మిశ్రమం కింది నుంచి నీటిని పీల్చుకుంటుంది. పై పొర రంగు ముదిరిందని కనబడగానే ట్రేను తీసి వాలుగా నిలబెట్టి, మిగిలిన నీటిని కారిపోనిచ్చాను. పైన పలుచని పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టి, రోజూ పొద్దున్నే కాసేపు తీసి గాలి ఆడనిచ్చాను. ట్రేను మెట్ల గది తలుపు దగ్గర, నేరుగా ఎండ పడకుండా వెలుతురు మాత్రం ధారాళంగా వచ్చే చోట పెట్టాను.

దవనం వారం తిరక్కుండానే మొలిచింది. వార్మ్‌వుడ్ ట్రేలో అప్పటికి ఏమీ లేదు. ఈ మొక్క మొలవడానికి పది రోజుల నుంచి మూడు వారాలు పడుతుందని తెలిసి ఉంటే కంగారు ఉండదు. తెలియనివారు ఈ దశలోనే ట్రేను ఖాళీ చేసేస్తారని నా నమ్మకం. రెండు వారాలు దాటాక ఒక ఉదయం మిశ్రమం మీద పచ్చని చుక్కలు కనిపించాయి. వాటిని చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని ఇక్కడ దాచుకోవలసిన అవసరం నాకు కనిపించదు. బీజదళాలు, అంటే మొలకతో వచ్చే మొదటి రెండు ఆకులూ, గుండ్రంగా, నున్నగా, పూర్తిగా ఆకుపచ్చగా ఉంటాయి. వెండి రంగు నిజమైన ఆకులు నాలుగైదు వచ్చాకగానీ తెలియదు. అంతవరకూ ఇది వార్మ్‌వుడ్డేనని చెప్పగలిగేది వాసన ఒక్కటే. చిన్న ఆకును రెండు వేళ్ల మధ్య తాకి చూస్తే చాలు.

మొలకలు వచ్చిన తరువాతి రెండు వారాలు మొత్తం ప్రయాణంలో అత్యంత ప్రమాదకరమైనవి. నారుకుళ్లు తెగులు ఈ దశలోనే వస్తుంది. పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు మట్టిని తాకే చోట కాండాన్ని పట్టుకుంటాయి. అక్కడ కాండం దారంలా సన్నబడి, రాత్రి నిటారుగా ఉన్న మొలక పొద్దుటికి పడిపోతుంది. మిరప నారు పోసే రైతులకు బాగా తెలిసిన తెగులే ఇది. మొలకలు కనిపించిన రోజే ప్లాస్టిక్ మూతను పూర్తిగా తీసేశాను. కింది నుంచి నీళ్లు పెట్టే పద్ధతిని కొనసాగిస్తూనే, పై పొర ఆరిందని వేలికి తెలిసిన తరువాతనే మళ్లీ పెట్టాను. ట్రే ఒక మూలలో కొన్ని మొలకలు పడిపోయినప్పుడు, వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో ఎత్తి పారేసి, ఆ చోట ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రం కలిపిన పొడి ఇసుక చల్లాను. అది అంతటితో ఆగింది. ట్రైకోడెర్మా వల్ల ఆగిందో, మట్టి ఆరడం వల్ల ఆగిందో విడదీసి చెప్పలేను గానీ, ఎక్కువ పాత్ర మట్టి ఆరడానిదేనని నాకు అనిపిస్తుంది.

సంక్రాంతి దాటాక, నాలుగు నిజమైన ఆకులు వచ్చిన మొక్కలను చిన్న కప్పుల్లోకి మార్చాను. నారు తీసేటప్పుడు కాండాన్ని పట్టుకోకూడదు, ఆకు అంచును పట్టుకోవాలి. ఆకు చినిగితే మరొకటి వస్తుంది, కాండం నలిగితే మొక్క పోతుంది. మహాశివరాత్రి నాటికి వేళ్లు కప్పు అడుగుకు చేరాయి. అప్పుడు వాటిని మట్టి కుండీల్లోకి మార్చాను. ప్లాస్టిక్ కుండీల కన్నా కాల్చిన మట్టి కుండీలు దీనికి మేలు, ఎందుకంటే వాటి గోడల గుండా కూడా తేమ ఆరిపోతుంది. కుండీ మిశ్రమంలో సగానికి పైగా ఇసుకా ఇటుక పొడీ వేసి, తక్కినది మామూలు ఎర్రమట్టి కలిపాను. పశువుల ఎరువు దాదాపు వేయలేదు. ఎరువు ఎక్కువైతే ఈ మొక్క పొడవుగా, మెత్తగా సాగి వాలిపోతుంది, వాసనా పలుచబడుతుంది. మనం ప్రేమతో మొక్కకు పెట్టేవాటిలో చాలా భాగం ఈ మొక్కకు అక్కర్లేదు.

కుండీలను ఎక్కడ పెట్టాలన్నది మరొక ప్రశ్న. వార్మ్‌వుడ్ ఆకుల నుంచి వానకూ నీటికీ కడుక్కుని దిగే పదార్థాలు పక్కనున్న మొక్కల ఎదుగుదలను అడ్డుకుంటాయి. సోంపు మొక్క దీని పక్కన సరిగా పెరగదన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. అందువల్ల కూరగాయల మడులకు దూరంగా, పిట్టగోడ చివర దీనికి చోటిచ్చాను. కత్తిరించిన కొమ్మలను కంపోస్టు డ్రమ్ములో వేయడం లేదు. ఇది పక్కనుంటే పురుగులు దరిచేరవని చాలామంది చెబుతారు. మా మిద్దె మీద మిరప మొక్కలకు ఎప్పటిలాగే ముడత వచ్చింది, వార్మ్‌వుడ్ దానిని ఆపలేదు. పైగా మాఘమాసంలో వార్మ్‌వుడ్ లేత చిగుళ్లకే పేనుబంక పట్టింది. నీటి ధారతో రెండు మూడు సార్లు కడిగితే పోయింది.

తరువాత ఎండాకాలం వచ్చింది. అందరూ భయపెట్టినది దీని గురించే. పాదరసం 44, 45 డిగ్రీలను తాకే రోజుల్లో, రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తెలో సైతం, ఈ మొక్కలు నిలబడ్డాయి. ఎదుగుదల దాదాపు ఆగిపోయింది, కొత్త ఆకులు చిన్నవిగా, మరింత తెల్లగా వచ్చాయి. ఆ తెలుపే వాటిని కాపాడిందని అర్థమైంది. ఆకు మీది నూగు ఎండను కొంత తిప్పికొట్టి, ఆకు నుంచి నీరు ఆవిరైపోకుండా అడ్డుకుంటుంది. షేడ్‌నెట్ కింద రోజంతా ఉంచిన మొక్క ఆకులు ఆకుపచ్చగా మారి సాగిపోగా, మధ్యాహ్నం రెండు తరువాత మాత్రమే నీడ పడేలా ఉంచినవి గుబురుగా, గట్టిగా ఉన్నాయి. పొద్దున్నే ఒక్కసారి, పైన రెండంగుళాల మట్టి ఆరితేనే నీళ్లు పోశాను. మధ్యాహ్నం వాడినట్లు కనిపించినా తొందరపడి పోయలేదు, సాయంత్రానికి వాటంతట అవే తేరుకున్నాయి.

మృగశిర కార్తెతో వానలు మొదలయ్యాక కథ తిరగబడింది. ఎండలో రక్షణనిచ్చిన ఆ నూగే వానలో తడిని పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ ఎక్కువై, రాత్రులు కూడా వేడిగా ఉండి, ఆకు ఆరే అవకాశం లేనప్పుడు గుబురు లోపలి ఆకులు నల్లబడి మెత్తబడతాయి, అక్కడి నుంచి కుళ్లు కాండానికి దిగుతుంది. ఇది జరుగుతుందని ముందే చదివి ఉన్నందువల్ల, మొదటి వానలకు ముందే గుబురును లోపల గాలి ఆడేలా పలుచన చేసి, నేలకు తగిలే కింది కొమ్మలన్నీ తీసేసి, కుండీలను ఇటుకల మీదికి ఎత్తి, ఎక్కువ భాగాన్ని రేకుల చూరు కిందికి మార్చాను. పోలిక కోసం కొన్నిటిని కావాలనే ఆరుబయట ఉంచాను. 2024 ఆగస్టు ఆఖరులో, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగిన ఆ వానలు గుంటూరులోనూ కురిశాయి. ఆ ముసురు తగ్గేసరికి ఆరుబయటి మొక్కలు మొదలంటా కుళ్లిపోయాయి. చూరు కిందివి ఆకులు కొంత రాల్చినా ప్రాణంతో ఉన్నాయి. ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే ఎండ చూసిన మొక్కల మధ్య తేడా ఆ చూరు ఒక్కటే.

ఆ వారంలోనే, 7వ తేదీన, వినాయక చవితి వచ్చింది. మా అత్తగారు మిద్దె మీదికి వచ్చి, ఆకు తుంచి వాసన చూసి, "అమ్మాయ్, ఇది మాచిపత్రే కదూ, పూజకి రెండు రెమ్మలు కోసుకోనా?" అని అడిగారు. "దగ్గరి చుట్టమే గానీ అది కాదు అత్తయ్యా, అసలుది వేరే కుండీలో ఉంది" అని చూపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి రెండిటిలోనూ చెరొక రెమ్మ కోశారు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా వార్మ్‌వుడ్ రెమ్మను మాత్రం పూజ కాగానే పత్రిలోంచి వేరుగా తీసి పెట్టాను. ఎండిన ఆకును పలుచని నూలుగుడ్డ సంచుల్లో కట్టి పట్టుచీరల మధ్య పెట్టడం నాకు బాగా నచ్చిన వాడకం. బట్టల్లోకి చిమటలు రాకుండా యూరప్ ఇళ్లల్లో పూర్వం నుంచీ చేస్తున్న పనే అది.

దవనం మాత్రం శివరాత్రి రోజుల్లోనే పూసి, విత్తనం ఇచ్చి, ఎండిపోయింది. అది ఏకవార్షికం. వార్మ్‌వుడ్ నా దగ్గర ఇంతవరకూ పూయలేదు, కనుక సొంత విత్తనం మీద ఆశ పెట్టుకోలేను. మొక్కను నిలుపుకోవడానికి కొమ్మలు నాటుకోవడమే దారి. కార్తీకంలో వానలు వెనకపట్టిన తరువాత, మరీ లేతవీ మరీ ముదురువీ కాని పక్క కొమ్మలను నాలుగంగుళాల పొడవున, పెద్ద కొమ్మ బెరడు కొంచెం అంటుకుని వచ్చేలా కిందికి లాగి విరిచి, కింది ఆకులు తీసి, కడిగిన కృష్ణ ఇసుకలో గుచ్చాను. వాటికి ప్లాస్టిక్ మూత పెట్టలేదు, నీడలో ఉంచి ఇసుక కొద్దిగా చెమ్మగా ఉండేలా మాత్రం చూశాను. నెల దాటాక మెల్లగా లాగి చూస్తే సగానికి పైగా వేళ్లూనుకున్నాయి. వచ్చే వానాకాలానికి తల్లి మొక్కలు పోయినా, ఈ పిల్ల మొక్కలను మొదటి నుంచీ చూరు కిందనే పెంచుతాను.